ఇంటి తోటలో గెజిబో: కడప, అనంతపురం, కర్నూలు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలోని మా పెరటి తోటలో ఇప్పుడున్నది రెండో గెజిబో. మొదటిది ఏమైందో కింద ఒక జవాబులో వస్తుంది. రెండోది కట్టించినప్పటి నుంచి బంధువులు, ఇరుగుపొరుగువారు వచ్చి కొలతలు తీసుకుంటూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటున్నందున, వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

గెజిబో అంటే ఏమిటి? మన చప్పరానికీ దానికీ తేడా ఉందా?

చుట్టూ గోడలు లేకుండా, స్తంభాల మీద నిలిచే కప్పుతో, తోటలో ఇంటికి విడిగా కట్టుకునే కూర్చునే చోటును గెజిబో అంటున్నారు. చప్పరానికి పునాది ఉండదు, పండుగో పెళ్లో కాగానే విప్పేస్తారు. కొట్టానికి ఒకటి రెండు వైపులైనా గోడో తడికో ఉంటుంది. గుడి ముందరో కోనేటి నడుమనో కనిపించే నాలుగు కాళ్ల మంటపం మాత్రం అచ్చంగా గెజిబోయే. కాబట్టి పేరు కొత్తదే గానీ వస్తువు మనకు పాతదే. ఎలా కట్టాలో తెలియకపోతే కేటలాగు తిరగేసే ముందు ఊళ్లోని పాత మంటపం దగ్గరికి వెళ్లి ఒక సాయంత్రం కూర్చుని రమ్మని చెబుతాను.

మన ఎండలకు అందులో ఎవరు కూర్చుంటారు?

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎవరూ కూర్చోరు. ఈ మాట ముందే ఒప్పుకుంటే తరువాతి నిర్ణయాలన్నీ సులువవుతాయి. నీడ మన ఒంటి మీద పడే ఎండను ఆపుతుందే తప్ప, నలభై రెండు డిగ్రీలున్న గాలిని చల్లబరచదు. మా ఇంట్లో దాన్ని వాడేది ఉదయం ఎనిమిదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం ఆరు దాటాక రాత్రి పది వరకు. చలికాలంలో పొద్దుగూకులూ కూర్చోవచ్చు. మీరు కూర్చునే వేళ ఏదో ముందు తేల్చుకుంటే, కప్పు దేనితో వేయాలి, నేల ఏ రంగులో ఉండాలి, ఏ వైపు తెరిచి ఏ వైపు మూయాలి అన్న ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

తోటలో ఏ మూల కట్టాలి?

కడప సుమారు పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు నడుమ మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అంటే మంచి వేసవిలో నడిమధ్యాహ్నపు ఎండను ఆపేది కప్పే, పక్కల తెరలు కావు. మనల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది నాలుగు నుంచి ఆరు గంటల మధ్య పడమటి నుంచి ఏటవాలుగా లోపలికి దూరే ఎండ. దాన్ని కప్పు ఆపలేదు. కాబట్టి పడమట ఒక వేపచెట్టో కానుగచెట్టో ఇంటి గోడో ఉండే చోటును ఎంచుకోవడం ఉత్తమం. ఇంటికి తూర్పున గెజిబో కట్టుకుంటే సాయంత్రానికి ఇంటి నీడే దాని మీద పడుతుంది.

వాస్తు సంగతీ అడుగుతారు. ఈశాన్యంలో బరువు పెట్టరాదన్న పట్టింపు ఉన్నవారు ఆగ్నేయం వైపో వాయవ్యం వైపో జరుపుకుంటున్నారు. ఇంటి పెద్దలు ఒక మూల వద్దంటే, మరో మూలన పడమటి ఎండకు అడ్డు కట్టుకోవడం పెద్ద పని కాదు గనుక, దాని కోసం ఇంట్లో తగవు పెట్టుకోవడం అనవసరం. చెట్టు మొదలుకు మరీ దగ్గరగా గుంత తవ్వితే పెద్ద వేళ్లు తెగుతాయి, ఆరేడు అడుగులైనా ఎడం ఉంచండి. కరెంటు తీగల కింద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కట్టకూడదు.

ఎంత కొలత సరిపోతుంది? ఆరు మూలలదా, నలుచదరమా?

నలుగురు కుర్చీలు వేసుకుని, మధ్యలో చిన్న బల్ల పెట్టుకోవడానికి ఎనిమిది అడుగుల నలుచదరం చాలు. ఆరేడుగురికి పది అడుగులు కావాలి. అరుగులు కట్టించి కుర్చీలు లేకుండా చేసుకుంటే అదే చోటులో ఇంకో ఇద్దరు పడతారు. దూలం అడుగుభాగం నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తున, కప్పు అంచు స్తంభాలకు రెండడుగులు వెలుపలికి ఉండేలా చూసుకోండి.

ఆరు మూలలది అందంగా ఉంటుంది గానీ, భుజం ఐదడుగులైతే లోపల అరవై ఐదు చదరపు అడుగులే వస్తాయి. అదే ఐదడుగుల భుజంతో ఎనిమిది మూలలది కడితే నూట ఇరవై చదరపు అడుగులు వస్తాయి. ఆరు మూలలు గుర్తు పెట్టడానికి మా బేల్దారి వాడిన పద్ధతి చూడముచ్చటగా ఉంది. మధ్యలో ఒక మేకు కొట్టి, దానికి ఐదడుగుల దారం కట్టి, చివర సున్నం ముద్ద పట్టుకుని గుండ్రంగా గీత గీశాడు. తరువాత అదే దారాన్ని ఆ గీత మీద పరుచుకుంటూ పోతే సరిగ్గా ఆరోసారికి మొదలుపెట్టిన చోటికే వచ్చింది. టేపు అతని జేబులోంచి బయటికి రానే లేదు. అయితే ఆరు మూలల కప్పుకు పెంకుల్ని, రేకుల్ని కోణాలుగా కోయాలి కనుక వృథా ఎక్కువ. ఖర్చు చూసుకునేవారికి నలుచదరమే నయం.

పునాది ఎంత లోతు తీయాలి?

ఇది మీ నేలను బట్టి మారుతుంది, అందరికీ ఒకే లెక్క చెప్పేవారిని నమ్మవద్దు. అనంతపురం వైపు ఎర్రనేలల్లో రెండు, రెండున్నర అడుగులకే గట్టి గరుసు తగులుతుంది. అక్కడ అడుగున్నర చదరపు గుంతలో కాంక్రీటు వేసి స్తంభం నిలిపితే సరిపోతుంది.

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి కథ వేరు. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది. బరువైన ఇల్లు ఆ ఉబ్బును కొంత అణచిపెడుతుంది కానీ, గెజిబో వంటి తేలికైన కట్టడాన్ని మట్టి సునాయాసంగా పైకెత్తేస్తుంది. ‘ఇంత చిన్నదానికి లోతు పునాది ఎందుకు’ అనే మాట రేగడి నేలలో తలకిందులు మాట. చిన్నది కాబట్టే లోతు కావాలి. నాలుగైదు అడుగులు తవ్వి, పగుళ్లు దిగని గట్టి పొరను అందుకుని, స్తంభం చుట్టూ నల్లమట్టినే తిరిగి పూడ్చకుండా ఇసుకతోనో గరుసుతోనో నింపాలి. అరుగు కింద కూడా అడుగు మందం నల్లమట్టి తీసేసి గరుసు పోసి, తడిపి దిమ్మిస కొట్టించాలి. అరుగును స్తంభాలతో కలిపి పోయకుండా చుట్టూ అర అంగుళం సందు వదిలితే, నేల కదిలినా స్తంభాలు పక్కకు ఒరగవు.

స్తంభాలకు రాయా, కట్టెనా, ఇనుమా?

రాతి సీమలో ఉన్నాం గనుక అందరి మనసూ ముందు రాయి మీదికే పోతుంది. రాతి కూసాలు నిలబెట్టడానికి బాగుంటాయి, చెదలు పట్టవు, తుప్పు పట్టవు. అయితే కడప రాయి పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి కాబట్టి, కూసాన్ని ఎంచుకునేటప్పుడు పక్క నుంచి చూసి పొరల మధ్య చీలిక గీతలున్నవాటిని పక్కన పెట్టించాలి. స్తంభాలుగా నిలిపిన రాయిని దూలంగా అడ్డం వేయాలనుకుంటే మాత్రం జాగ్రత్త. రాయి నిలువు బరువును ఎంతైనా మోస్తుంది, వంగుడును ఓర్చుకోలేదు. దూలం పొడవు పెరిగేకొద్దీ అడుగుభాగం సాగి, ఉన్నట్టుండి పగులుతుంది. ఒంటిమిట్ట కోదండరామాలయంలోనైనా, లేపాక్షిలోనైనా స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉండటానికి శిల్పుల సరదా ఒక్కటే కారణం కాదు. లేపాక్షిలో కల్యాణమంటపానికి కప్పే పడలేదు, అయినా చూసేవారు తగ్గలేదు. మన గెజిబోకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి, రాతి స్తంభాల మీద దూలాలు ఇనుమువో కట్టెవో వేయించండి.

కట్టె అయితే టేకు మంచిది, బాగా చేవదేరిన వేప కూడా నిలుస్తుంది. చెదల బెడద మన నేలల్లో ఎక్కువ కనుక కట్టె స్తంభాన్ని మట్టిలో పాతకూడదు. కాంక్రీటులో ఇనుప చెప్పు బిగించి, నేలకు నాలుగంగుళాల పైన దానిలో కట్టెను నిలిపితే అడుగున గాలి ఆడుతుంది, చెదలు ఎక్కితే మట్టి గీత కంటికి కనబడుతుంది. ఎక్కడిదో చెప్పని ఎర్రచందనం ముక్కలు చవకగా ఇస్తామని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేయండి, అది కేసుల దాకా పోయే వ్యవహారం.

ఎక్కువమందికి నేను చెప్పేది ఇనుమే. మూడంగుళాల చదరపు గొట్టం, మూడు మిల్లీమీటర్ల మందం తీసుకుంటే మీటరుకు ఆరున్నర నుంచి ఏడు కిలోలు తూగుతుంది, పదడుగుల స్తంభం సుమారు ఇరవై కిలోలు వస్తుంది. వెల్డింగు షాపువారు కిలో లెక్కన కడతారు కాబట్టి, ఈ అంకె మీ చేతిలో ఉంటే బిల్లును ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. ముప్పై కిలోలు రాసినా, పన్నెండు కిలోలే తూగినా అడగాల్సిందే. మొదటిదైతే లెక్క తప్పు, రెండోదైతే మందం తక్కువ.

కప్పు దేనితో వేయించాలి?

అందరూ ఎక్కువసేపు వాదించేది దీని మీదే, అది సబబే.

బోదగడ్డి కప్పుకు, ఈతాకు కప్పుకు మించిన చల్లదనం మరి దేనికీ లేదు. కానీ రెండు మూడేళ్లకోసారి తిరగ నేయించాలి, నేసేవారు తగ్గిపోయారు, దీపావళి నాడు పక్క మిద్దెల నుంచి వచ్చే తారాజువ్వలకు భయపడుతూ కూర్చోవాలి.

మంగళూరు పెంకులు నాకు ఇష్టమైనవి. పెంకుకూ పెంకుకూ మధ్య సన్నటి సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, పొద్దు వాలిన కొద్దిసేపటికే పెంకు చల్లబడుతుంది. అడుగుకు ఆరంగుళాల వాలు ఉంటేనే నీరు వెనక్కి ఎక్కకుండా జారిపోతుంది. దీని శత్రువు వాన కాదు, కోతి. కొండవార ఊళ్లలో కోతుల గుంపు ఒక్క పూటలో పది పెంకులు పగలగొట్టగలదు కాబట్టి, అలాంటి చోట్ల పెంకులను తీగతో దబ్బలకు కట్టించినా కొంత నష్టానికి సిద్ధపడాలి.

ఇనుప రేకు చవక, తేలిక. ఎండకు పెనంలా కాగుతుంది, వానకు మాట వినబడనివ్వదు. రేకే వేయాలంటే తెల్లరంగుది తీసుకుని, కింద ఐదారంగుళాల ఎడంతో వెదురు తడికను బిగించి, ఆ రెంటి నడుమ గాలి అటూ ఇటూ ఆడేలా చివర్లు తెరిచి ఉంచాలి. ఈ ఒక్క తడికతో రేకు కింద కూర్చోవడం సాధ్యమవుతుంది. అద్దంలాంటి పాలీకార్బనేటు షీటు చలిదేశాల సరుకు, మన ఎండలో దాని కింద వడియాలు పెట్టుకోవచ్చు.

కాంక్రీటు స్లాబు వేయిస్తామనేవారికి నాదొక విన్నపం. స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పది, పదకొండు వరకు మెల్లగా కిందికి వదులుతుంది. మనం అక్కడికి చేరేది సరిగ్గా ఆ వేళకే. గెజిబోకు కావలసింది వేడిని దాచుకోని పలుచని కప్పు. నడినెత్తిన ఒక అడుగు వెడల్పు సందు వదిలి, దాని మీద చిన్న రెండో కప్పు గొడుగులా వేయిస్తే, వేడిగాలి అందులోంచి పోతుంది, ఈదురుగాలి ఒత్తిడీ కొంత తగ్గుతుంది.

గాలికి ఎగిరిపోతుందా?

మాది ఎగిరింది. ఆన్‌లైన్‌లో చూసి తెప్పించిన ఇనుప చట్రం, గుడ్డ కప్పు గల రెడీమేడ్ గెజిబో అది. బిగించడానికి వచ్చిన కుర్రవాడు బొటనవేలంత బోల్టులను అరడుగు కాంక్రీటులో దించి, గట్టిగా ఊపి చూపించి వెళ్లాడు. జూన్‌లో ఒక సాయంత్రం పడమటి గాలి లేచింది. మేము కిటికీలు మూసుకునేలోగా అది నాలుగు కాళ్లతో సహా లేచి, ప్రహరీ దాటి, పక్కింటి కరివేపాకు చెట్టు మీద వాలింది. పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా తొంగి చూసి, ‘నాయనా, మీ చప్పరం మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చింది, అన్నం పెట్టి పంపేదా?’ అని అడిగింది. కరివేపాకు చెట్టు కోలుకోవడానికి ఏడాది పట్టింది.

తరువాత లెక్క చూసుకుంటే తప్పు ఎక్కడుందో తెలిసింది. భారతీయ ప్రమాణాల పట్టికలో కర్నూలుకు ఇచ్చిన మూల గాలివేగం (కట్టడాల లెక్కలకు ఆధారంగా తీసుకునే వేగం) సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 90 కిలోల బరువుతో సమానం. వంద చదరపు అడుగుల కప్పును అది ఎనిమిది వందల కిలోలకు పైబడిన బలంతో ఎత్తగలదు, అదే కొలత రేకు బరువేమో నలభై యాభై కిలోలు. అందుచేత గెజిబో పునాది పని కప్పును మోయడం కన్నా, కప్పును కిందికి పట్టి ఉంచడం. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు కదా. స్తంభం అడుగున ఇనుప పలక వెల్డింగు చేసి, కాంక్రీటులో రెండడుగుల లోతున కొక్కెంలా వంచిన కమ్మీలతో బిగించాలి. దూలానికి స్తంభాన్ని, దంతెకు దూలాన్ని కూడా బోల్టులతో కలపాలి, మేకులు చాలవు. రేకుకు జె-హుక్కులు (కొక్కెంలా వంచిన బోల్టులు) అంచుల్లో దగ్గర దగ్గరగా వేయించాలి, గాలి మొదట పట్టుకునేది అంచునే.

నేలకు కడప బండలు వేయవచ్చా?

వేయవచ్చు, కానీ నీడ పడే భాగం వరకే. నల్లటి నాపరాయి ఎండను తాగి, సాయంత్రం ఐదింటికి కూడా ఉత్తకాలు పెట్టనివ్వదు. గెజిబో చుట్టూ కాలిబాటకు, మెట్లకు బేతంచెర్ల వైపు దొరికే లేత రంగు బండలు నయం. అంగుళం మందం బండ చదరపు అడుగుకు ఆరు కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి వంద చదరపు అడుగుల సరుకును ఆటోలో వేసుకురావాలని చూడకండి. పాలిషు చేసినవి వానకు జారతాయి, పైముఖం గరుకుగా ఉన్నవే అడగండి. ఇది సున్నపురాయి జాతి గనుక నిమ్మరసం పడితే పాలిపోయిన మచ్చ పడుతుంది, యాసిడ్‌తో కడగడం అసలే కూడదు. అడుగుకు పావంగుళం వాలు బయటికి ఉంచితే చాలు.

ఏ తీగలు పాకించాలి?

రాధామనోహరం త్వరగా అల్లుకుంటుంది, సాయంత్రం విచ్చుకుని రాత్రికి పరిమళిస్తుంది, కూర్చునే వేళకు సరిగ్గా సరిపోతుంది. సన్నజాజి కూడా అంతే. కాగితపు పూల తీగ నీళ్లు లేకపోయినా బతుకుతుంది గానీ ముళ్లు ఉంటాయి, పిల్లలున్న ఇంట బెంచీ పక్కకు వద్దు. కూర మీద మనసుంటే పడమటి వైపు బీర, చిక్కుడు పాకించండి, సాయంత్రపు ఎండకు అదే తెర. తమలపాకు తోటలు చెన్నూరు వైపు చూసి ముచ్చటపడి నాటేవారు దానికి నిత్యం తడి, నీడ కావాలని గుర్తుంచుకోవాలి. ఏ తీగనైనా పెంకుల మీదికి ఎక్కనివ్వకండి.

మునిసిపాలిటీ అనుమతి కావాలా?

శాశ్వత పునాది, కప్పు ఉన్న కట్టడం గనుక అడిగి కట్టడమే మేలు. రాష్ట్రంలో 2017లో జి.ఓ. ఎం.ఎస్. నంబరు 119తో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, వాటికి తరువాత జరిగిన సవరణలు ఇంటి చుట్టూ ఖాళీగా వదలవలసిన సెట్‌బ్యాక్ స్థలాన్ని నిర్ణయిస్తాయి. ఆ స్థలంలో గెజిబో లేపితే పక్కవారు ఫిర్యాదు చేయడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది. మీ ప్లాను కాగితం, గెజిబో చోటు గీసిన ఒక చిత్తు పటం తీసుకుని వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి.

మిద్దె మీద వేసుకోవచ్చా?

పాత మట్టిమిద్దెల మీద, బండల మిద్దెల మీద వద్దు. కాంక్రీటు మిద్దె అయితే కింది పిల్లర్ల నెత్తి మీదే స్తంభాలు పడేలా, ఇంజనీరుకు చూపించి కట్టించాలి. స్లాబుకు ఊరికే బోల్టులు దించితే గాలి సంగతి అటుంచి, ముందు కింద గదిలోకి నీరు కారుతుంది.

కరెంటు, పాములు, తేళ్లు?

తీగను గొట్టంలో పెట్టి రెండడుగుల లోతున నేలలో పూడ్చి తేవాలి, ఆ లైనుకు విడిగా 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) పెట్టించాలి. తెల్లటి లైటుకు పురుగులు మూగుతాయి, పసుపు వెలుగుది తక్కువ వెలుతురుతో పెట్టుకుంటే నయం. అరుగును బోలుగా వదలకుండా నిండా పూడ్చి, బండల సందులన్నీ సిమెంటుతో మూయించండి. రాళ్ల కుప్ప, కట్టెల మోపు దాని పక్కన చేర్చకపోతే తేళ్ల బెడద సగం తగ్గుతుంది.

ఏ నెలలో మొదలుపెట్టాలి?

సంక్రాంతి దాటాక. మార్చి లోపల కాంక్రీటు పని అయిపోతే దానికి పది రోజులు నీళ్లు పట్టడం సులువు. మే నెలలో పోసినది, తడి గోనెసంచులు కప్పినా, మధ్యాహ్నానికే ఎండి పగుళ్లిస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో కడపకు ఈశాన్యపు వానలు వస్తాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ వానలకే. అప్పుడు తవ్విన గుంతలు కుంటలవుతాయి. తీగలు మాత్రం జూన్, జూలై తొలకరికి నాటుకోవాలి.

కప్పు మీద పడిన వాన నీటిని ఏం చేయాలి?

అనంతపురంలో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. అంతమాత్రానికే వంద చదరపు అడుగుల కప్పు నుంచి ఏడాదికి ఐదు వేల లీటర్ల దాకా దిగుతుంది. అంచుకు సగం కోసిన పీవీసీ గొట్టాన్ని దోనెలా బిగించి, ఒక మూల నుంచి ఇనుప గొలుసు వేలాడదీస్తే నీరు చిందకుండా గొలుసు వెంట దిగుతుంది. ఆ గొలుసు కింద మేము ఒక పాత రాతి తొట్టి పెట్టాం. అది నిండి పొర్లిన నీరు చిన్న కాలువ మీదుగా సన్నజాజి పాదులోకి పోతుంది. ఉగాదికి ముందు ఒకసారి దోనెలో పడిన ఆకులు తీసి, బోల్టులు స్పానరుతో బిగించి, తుప్పు కనిపించిన చోట గీకి, తుప్పును ఆపే రెడాక్సైడు రంగు పూస్తున్నాం.